కొలిచేవాడికి కూలి ఎవరిస్తారు?

ఫ్యాక్టరీ పొగను కొలిచే మనిషికి ఆ ఫ్యాక్టరీయే డబ్బిస్తే ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని కొందరు విశ్వవిద్యాలయ పరిశోధకులు పదిహేనేళ్ల పాటు గుజరాత్ పొగగొట్టాల చుట్టూ తిరిగారు. వాళ్లకు దొరికిన జవాబు ఇప్పుడు హరిత బాండ్లకూ కావాలి, మన సిమెంటు ఫ్యాక్టరీలకూ కావాలి.

గుజరాత్‌లో బాయిలర్ నడిపే ఫ్యాక్టరీలకు 150 చాలా ముఖ్యమైన అంకె. పొగగొట్టం నుంచి బయటికి పోయే గాలిలో ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములకు మించి ధూళి ఉండకూడదని అక్కడి నియమం. అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల ఫ్యాక్టరీలకు 2009 ప్రాంతంలో ఆడిటర్లు రాసిచ్చిన రీడింగులన్నీ ఒక గీత మీద పేర్చి చూస్తే విచిత్రమైన బొమ్మ కనిపిస్తుంది. అంకెలన్నీ 150కి కాస్త ఇవతలే గుంపుగా నిలబడి ఉంటాయి. ఒక మిల్లు లిగ్నైట్ కాల్చింది, ఒకటి మంచి బొగ్గు కాల్చింది. ఒకరి బాయిలర్ కొత్తది, ఇంకొకరిది తుప్పు పట్టినది. పొగ మాత్రం అందరిదీ ఒకే కొలతలో వచ్చింది.

కొద్ది వారాల తేడాతో అవే పొగగొట్టాలను వేరే బృందం వెళ్లి కొలిచింది. ఈసారి గుంపు చెదిరిపోయింది. కొన్ని రీడింగులు 150కి చాలా కింద, చాలా రీడింగులు 150 దాటి ఎక్కడెక్కడో. ఆడిటర్ల లెక్క ప్రకారం పరిమితి దాటినవి నూటికి 7 ఫ్యాక్టరీలు. నిజంగా దాటినవి నూటికి 59.

ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని కొలిచినవాళ్లు నలుగురు ఆర్థికశాస్త్ర పరిశోధకులు: ఎస్తర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్. డుఫ్లో పేరు మనకు తెలిసిందే, 2019లో అభిజిత్ బెనర్జీ, మైకేల్ క్రెమర్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు. గ్రీన్‌స్టోన్ ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయంలో, పాండే, ర్యాన్‌లు యేల్‌లో ఉన్నారు. పర్యావరణ పరిశోధన అనగానే మనకు కరుగుతున్న మంచుకొండలూ, ఉపగ్రహ చిత్రాలూ మనసులో మెదులుతాయి. వీళ్లు తీసుకున్న విషయం అంతకంటే చిన్నదిగా కనిపిస్తుంది. రిపోర్టు మీద సంతకం పెట్టే మనిషికి జీతం ఎక్కణ్నుంచి వస్తోంది? నా దృష్టిలో ఈ ప్రశ్న ఏ మంచుకొండకూ తీసిపోదు.

నిచ్చెన ఎక్కినవాడికే తెలుసు

పొగను కొలవడం కష్టమైన పని. పొగగొట్టానికి పక్కగా ఇనుప నిచ్చెన ఉంటుంది. పైన మనిషి నిలబడేంత చిన్న తట్టు, గొట్టానికి మూత బిగించిన ఒక రంధ్రం. సాంప్లింగ్‌కి వచ్చిన మనిషి పంపు, మీటర్లు, పొడవాటి గొట్టం అన్నీ అంత ఎత్తుకి చేర్చుకోవాలి. గొట్టం చివర నాజిల్, దాని వెనక గాజునారతో చేసిన వేలి తొడుగు లాంటి వడపోత. దాన్ని థింబుల్ అంటారు. ల్యాబ్‌లో ముందే దాన్ని తేమ లేకుండా ఆరబెట్టి, సున్నితపు త్రాసులో తూచి, నంబరు వేసి తెస్తారు.

మూత విప్పి గొట్టాన్ని లోపలికి దూర్చాక అసలు పని మొదలవుతుంది. లోపల పొగ ఎంత వేగంతో పైకి పోతోందో పంపు కూడా అంతే వేగంతో పీల్చాలి. వేగం తేడా వస్తే బరువైన కణాల లెక్క తప్పుతుంది. ఒక చోట పీల్చి వదిలేస్తే కుదరదు, గొట్టం అడ్డకొలతలో కొన్ని చోట్లకు జరుపుతూ పీల్చాలి. అంతసేపూ పక్కన గొట్టం కాలుతూ ఉంటుంది, పైన ఎండ. చివరికి థింబుల్‌ను జాగ్రత్తగా బయటికి తీస్తారు. తెల్లగా లోపలికి వెళ్లింది బూడిద రంగులోనో, నల్లగానో బయటికి వస్తుంది. ల్యాబ్‌లో మళ్లీ ఆరబెట్టి మళ్లీ తూస్తారు. పెరిగిన బరువును పీల్చిన గాలితో భాగిస్తే రీడింగు.

ఇంత కష్టపడి తెచ్చిన రీడింగు 230 అని వచ్చిందనుకోండి. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే వచ్చే ఏడాది ఆ ఫ్యాక్టరీ ఆ ఆడిటర్‌ని పిలవదు. పక్క ఊళ్లో 140 రాసే ఆడిటర్ ఉన్నాడు, తక్కువ ఫీజుకి వస్తాడు. అసలు నిచ్చెన ఎక్కకుండానే ఆఫీసులో కూర్చుని 140 రాసినా అడిగే దిక్కు లేదు. అప్పట్లో ఆడిట్‌కి బజారులో నడిచిన ధర, పొగను నిజంగా కొలిస్తే అయ్యే ఖర్చు కన్నా తక్కువని పరిశోధకులు లెక్క తీశారు. సరుకు ఖరీదు కన్నా తక్కువకు సరుకు అమ్ముతున్నారంటే లోపల సరుకు లేదని అర్థం.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఇంటి దగ్గర బస్తా బస్తా తూచి, గోడ మీద బొగ్గుతో లెక్క రాసి, బండి కట్టి వడ్లు యార్డుకి తోలేవాడు. యార్డులో కాటా వ్యాపారిది. తూచే హమాలీకి కూలి వ్యాపారి ఇస్తాడు. ప్రతిసారీ గోడ మీది లెక్కకీ, చీటీ మీది లెక్కకీ తేడా వచ్చేది. దానికి తరుగని ఒక పేరు కూడా ఉండేది. ఆ హమాలీ చెడ్డవాడేం కాదు, మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి పోయేవాడు. వాడి సాయంత్రపు కూలి ఎవరి చేతిలో ఉందో ముల్లు అటు మొగ్గేది, అంతే.

ఒకే ఆడిటర్, రెండు రకాల నిజం

గుజరాత్‌లో ఈ ఆడిట్ పద్ధతి దురుద్దేశంతో పుట్టింది కాదు. 1996లో అక్కడి హైకోర్టు, కాలుష్య నియంత్రణ మండలి సిబ్బంది ఒక్కళ్లే ఇన్ని ఫ్యాక్టరీలను చూడలేరని, బయటి ఆడిటర్లు ఏటా తనిఖీ చేసి మండలికి నివేదిక ఇవ్వాలని ఏర్పాటు చేసింది. ఆడిటర్‌కు ఏడాదికి ఇన్ని ఫ్యాక్టరీలకు మించి ఇవ్వకూడదని హద్దు కూడా పెట్టింది. జాగ్రత్తలన్నీ ఉన్నాయి. ఆడిటర్‌ని ఎంచుకునేదీ, డబ్బిచ్చేదీ మాత్రం ఫ్యాక్టరీయే.

పరిశోధకులు మండలితో కలిసి 473 ఫ్యాక్టరీలను తీసుకున్నారు. లాటరీ వేసి దాదాపు సగాన్ని కొత్త పద్ధతిలోకి మార్చారు, మిగతావాటిని పాత పద్ధతిలోనే వదిలేశారు. కొత్త పద్ధతిలో ఏ ఫ్యాక్టరీకి ఏ ఆడిటర్ వెళ్లాలో లాటరీ నిర్ణయిస్తుంది. ఫీజు ఒక ఉమ్మడి నిధి నుంచి, అందరికీ ఒకే రేటున, నిజంగా కొలవడానికి సరిపోయేంత వస్తుంది. ఐదింట ఒక రీడింగును వేరే బృందం చెప్పకుండా వెళ్లి మళ్లీ కొలుస్తుంది. రెండో ఏడాది ఇంకో మెట్టు ఎక్కారు: ఆడిటర్ రీడింగు ఆ మళ్లీ కొలిచిన రీడింగుకి ఎంత దగ్గరగా ఉంటే ఫీజు అంత ఎక్కువ.

పరిమితి దాటిన ఫ్యాక్టరీని దాటలేదని రాయడం ఈ కొత్త పద్ధతిలో 80 శాతం తగ్గిపోయింది. దానికంటే నన్ను ఎక్కువసేపు ఆపేసిన సంగతి ఒకటుంది. కొందరు ఆడిటర్లు ఆ ఏడాది రెండు వైపులా పనిచేశారు. కొన్ని ఫ్యాక్టరీలు లాటరీలో వచ్చాయి, కొన్ని వాళ్లను పాత పద్ధతిలో పిలిచాయి. అదే మనిషి, అదే కిట్టు, అదే ల్యాబు. లాటరీ ఫ్యాక్టరీలో ఉన్నదున్నట్టు రాశాడు, తనకు నేరుగా డబ్బిచ్చిన ఫ్యాక్టరీలో 150 లోపు రాశాడు. మనుషులు మంచివాళ్లా కాదా అన్న వాదన ఇక్కడ అనవసరం. ఈ దేశంలో నిజాయితీ లేదని తల పట్టుకునేవాళ్లు ఈ ఒక్క ఫలితం ముందు కాసేపు కూర్చోవాలి. నిజాయితీ ఉంది. కానీ దానికి కూలి కట్టిన చోటే అది పనికొచ్చింది.

ఇక ఫ్యాక్టరీలు? తమ పొగ అసలు రీడింగు మండలి బల్ల మీదికి చేరుతోందని తెలిశాక అవి కాలుష్యాన్ని తగ్గించాయి. మరీ ఎక్కువ వదులుతున్నవే ఎక్కువ తగ్గించాయి. 2013లో ఈ పరిశోధన క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయింది. 2015 జనవరిలో గుజరాత్ మండలి తన ఆడిట్ నియమాలను మార్చి, ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించడం మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయంలో రాసిన పేపరు ప్రభుత్వ ఉత్తర్వుగా మారడం మన దగ్గర అరుదు. ఇక్కడ రెండేళ్లలో మారింది.

మరి మండలి ఇన్‌స్పెక్టర్లే ఇంకా ఎక్కువసార్లు వెళితే సరిపోదా? దాన్నీ పరీక్షించి చూశారు. కొన్ని ఫ్యాక్టరీలకు తనిఖీలు రెట్టింపు చేయించారు. పొగలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇన్‌స్పెక్టర్లకు ఎవరు మరీ ఘోరంగా వదులుతున్నారో ముందే తెలుసు, తమకున్న కొద్ది సమయాన్ని అక్కడే పెడుతున్నారు. అదనపు తనిఖీలు మిగతావాళ్ల గేట్లు దాటి వెనక్కి వచ్చాయి. పెద్ద నేరమైతేనే చట్టం కదులుతుంది. కదిలితే ఫ్యాక్టరీ మూత, కరెంటు కట్, క్రిమినల్ కేసు. ఆ మధ్యలో పడే వందలాది ఫ్యాక్టరీలకు ఏ శిక్షా లేదు.

సూరత్ మిల్లుల్లో ధూళి సంత

సూరత్ తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మరమగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మరమగ్గం మీద దిగిన రంగులేని గుడ్డ అక్కడి అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు వెళుతుంది. రంగు గుడ్డకు పట్టాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కి బొగ్గు, లిగ్నైట్. మన ఇళ్లలో మడతపెట్టి ఉన్న ఎన్నో సూరత్ చీరల వెనక ఆ పొగ ఉంది.

ఆ పొగకు ఒక సంత పెట్టాలన్న ఆలోచన 2010 నాటిది. పై నలుగురు పరిశోధకులు కేంద్ర పర్యావరణ శాఖకు ఒక చర్చాపత్రం ఇచ్చారు. అప్పటి మంత్రి జైరాం రమేశ్, ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు, దాన్ని ముందుకు నడిపించారు. అమెరికా 1990 చట్టంతో విద్యుత్ కేంద్రాల గంధక పొగకు అలాంటి సంతే పెట్టింది. దాన్ని ఇక్కడి చిన్న చిన్న మిల్లులకు తేగలమా అన్నది ప్రశ్న. మాట అనుకున్నాక సంత తెరుచుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లలో ఎక్కువ భాగం తూకంరాయి వెతకడానికే పోయిందని చెప్పాలి.

ఏడాదికి మూడుసార్లు నిచ్చెన ఎక్కి తెచ్చే రీడింగుతో సంత నడవదు. పొగగొట్టానికే మీటరు బిగించి, అది నిమిష నిమిషానికీ మండలి కంప్యూటర్‌కి లెక్క పంపాలి. మీటరు బిగించినంతలో అయిపోలేదు. దాని రీడింగును థింబుల్ రీడింగుతో సరిపోల్చి సరిచేయాలి. మీటరు ఆపేస్తే? అక్కడ చేసిన ఏర్పాటు నాకు బాగా నచ్చింది. లెక్క రాని రోజులకు ఆ ఫ్యాక్టరీ ఖాతాలో హెచ్చు అంకె వేస్తారు. ఎన్నాళ్లు ఆపితే అంత భారం. దాంతో మీటరును బాగు చేయించుకోవడం మిల్లు యజమానికే లాభమైంది.

2019లో సంత మొదలైంది. ధూళికణాలకు ప్రపంచంలో ఇదే మొదటి సంతగా చెబుతారు. అధ్యయనంలోకి తీసుకున్న మిల్లులు 317. ఇక్కడా లాటరీయే, దాదాపు సగం సంతలోకి, మిగతా సగం పాత నియమాల కిందే. గ్రీన్‌స్టోన్, పాండే, ర్యాన్‌లతో పాటు ఈ పని భుజాన వేసుకున్నది అనంత్ సుదర్శన్, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు.

సంత తీరు ఇది. మిల్లులన్నీ కలిసి నెలకు వదలదగ్గ ధూళి మొదట్లో 280 టన్నులు, పోను పోను 170 టన్నులకు కుదించారు. ఒక కిలో ధూళికి ఒక పర్మిట్. నూటికి 80 పర్మిట్లు మిల్లులకు ఉచితంగా పంచుతారు, 20 వేలం వేస్తారు. ధర కిలోకు 5 రూపాయలకు తగ్గదు, 100 రూపాయలకు మించదు. గడువు ముగిసేసరికి ఎంత ధూళి వదిలారో అన్ని పర్మిట్లు చేతిలో ఉండాలి. తక్కువ పడితే గరిష్ఠ ధరకు రెట్టింపు, కిలోకు 200 రూపాయలు, ముందే కట్టించుకున్న డిపాజిట్ నుంచి కోసేస్తారు. కోర్టు లేదు, కేసు లేదు, మూత లేదు. ఒక మిల్లు బ్యాగ్ ఫిల్టర్ పెట్టి పొగ బాగా తగ్గించుకుంటే మిగిలిన పర్మిట్లు అమ్ముకుంటుంది. ఫిల్టర్‌కు చోటు లేని పాత మిల్లు కొనుక్కుంటుంది. మొత్తం మాత్రం హద్దు దాటదు.

సంతలో ఉన్న మిల్లుల ధూళి, బయట ఉన్నవాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గింది. పర్మిట్ల లెక్క నూటికి 99 వంతులు సరిగ్గా తేలింది. పాత నియమాల కింద ఉన్న మిల్లులు మాత్రం దాదాపు మూడో వంతు సందర్భాల్లో పరిమితిని మీరుతూనే ఉన్నాయి. పొగ తగ్గించుకోవడానికి అయ్యే ఖర్చు పాత పద్ధతి కన్నా సంతలో దాదాపు 11 శాతం తక్కువ. తగ్గిన ధూళితో జనం ఆరోగ్యానికి కలిగిన మేలును రూపాయల్లోకి మారిస్తే పెట్టిన ఖర్చుకు కనీసం 25 రెట్లు. ఈ ఫలితాలు 2025లో అదే జర్నల్‌లో వచ్చాయి. ఈలోగా అహ్మదాబాద్‌లోనూ ఇలాంటి సంత తెరిచారు.

నాకో శంక మిగిలే ఉంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కడ వదిలినా ఆకాశానికి ఒకటే. ధూళి అలా కాదు, మిల్లు పక్క వీధిలో దిగుతుంది. పర్మిట్లు కొనుక్కునే మిల్లు వెనక గోడకు ఆనుకుని ఇల్లున్న కుటుంబానికి ఊరి మొత్తం మీద ధూళి తగ్గిందన్న మాట ఊరట కాదు. మొత్తానికి హద్దు పెట్టినట్టే ఒక్కో పొగగొట్టానికీ హద్దు ఉండి తీరాలి. సంత దానికి పైన కట్టవలసిన రెండో అంతస్తు అనే నేను అనుకుంటాను. కానీ పాత నియమాల కింద ఆ ఇంటి మీద ధూళి పడలేదా అంటే, పడింది. పైగా కాగితం మీద 140 అని రాసి ఉంది.

రంగు ఎవరు వేస్తారు?

పొగగొట్టాల సంగతి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు హరిత ఆర్థికం పేరుతో కదులుతున్న డబ్బంతా ఆ నిచ్చెన లాంటి ఒక నిచ్చెన మీదే నిలబడి ఉంది.

హరిత బాండ్ అంటే అప్పే. తెచ్చిన సొమ్ము సౌర విద్యుత్తుకో, మెట్రో రైలుకో, మురుగునీటి శుద్ధికో మాత్రమే ఖర్చు పెడతానని అప్పు తీసుకునేవాడు మాటిస్తాడు. 2008లో ప్రపంచ బ్యాంకు తన మొదటి గ్రీన్ బాండ్ జారీ చేసినప్పుడు, కొనడానికి ముందుకొచ్చిన స్వీడన్ పింఛను నిధులు ఇది నిజంగా పచ్చనిదేనా అని అడిగాయి. జవాబు చెప్పడానికి ఓస్లోలోని సిసిరో అనే వాతావరణ పరిశోధన సంస్థను పిలిచారు. బ్యాంకు వాళ్ల బల్ల దగ్గర శాస్త్రవేత్తలకు కుర్చీ వేయడం ఒక కొత్త సంప్రదాయానికి మొదలు. తర్వాత సిసిరో ముదురు ఆకుపచ్చ, మధ్యస్థం, లేత అని ఛాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండు విడతలుగా 16,000 కోట్ల రూపాయల హరిత బాండ్లు మొదటిసారి అమ్మినప్పుడు, దాని నియమావళికి సిసిరో ఇచ్చిన ఛాయ మధ్యస్థం. మామూలు బాండ్ల కంటే కాస్త తక్కువ వడ్డీకే అవి అమ్ముడుపోయాయి.

సిసిరో శాస్త్రవేత్తల నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ ఈ వ్యాపారంలో అభిప్రాయానికి ఫీజు కట్టేది బాండ్ అమ్ముకునేవాళ్లే. 2022 చివరికి సిసిరో ఆ రంగుల విభాగాన్ని ఒక పెద్ద రేటింగ్ కంపెనీకి అమ్మేసింది.

బయటి ధ్రువీకరణ వల్ల తేడా వస్తుందా? కెరొలైన్ ఫ్లామర్ అనే ఆర్థిక పరిశోధకురాలు కంపెనీల గ్రీన్ బాండ్లను పరిశీలించి 2021లో జవాబిచ్చారు. బాండ్ జారీ చేశాక కంపెనీల పర్యావరణ పనితీరు మెరుగుపడింది, కర్బన ఉద్గారాలు తగ్గాయి. బయటివాళ్లు ధ్రువీకరించిన బాండ్లలో ఆ మెరుగుదల స్పష్టంగా ఉంది. కంపెనీల పచ్చదనానికి మార్కులేసే ఈఎస్‌జీ రేటింగుల పరిస్థితి వేరు. ఫ్లోరియన్ బెర్గ్, జూలియన్ కోల్‌బెల్, రాబర్టో రిగోబోన్ ఆరు సంస్థల మార్కులను పక్కపక్కన పెట్టి చూశారు. పూర్తిగా కలిస్తే 1, పొంతనే లేకపోతే 0 అనుకుంటే, వాటి మధ్య సగటు పొంతన 0.54. ఒకే కంపెనీ ఒకరి పుస్తకంలో ఉత్తమం, ఇంకొకరి పుస్తకంలో అధమం. తేడాలో సగానికి పైగా ఒకే విషయాన్ని వేర్వేరుగా కొలవడం వల్లే వచ్చిందని తేల్చారు. మళ్లీ కొలత దగ్గరికే వచ్చాం.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది గాలిమరల కథ. క్యోటో ఒప్పందం కింద పేద దేశాల్లో గాలిమర నిలబెడితే, దాని వల్ల తగ్గిన ఉద్గారాలకు క్రెడిట్లు ఇచ్చేవారు. ధనిక దేశాల కంపెనీలు వాటిని కొని తమ పొగకు బదులుగా చూపేవి. షరతు ఒకటే: ఆ క్రెడిట్ డబ్బు లేకపోతే ఆ గాలిమర వచ్చేది కాదని రుజువు చేయాలి. రఫాయెల్ కాలెల్, జోనథన్ కోల్మర్, మరో ఇద్దరు పరిశోధకులు భారతదేశపు గాలిమరల ప్రాజెక్టులనే తీసుకుని లెక్క వేశారు. ఇచ్చిన క్రెడిట్లలో కనీసం 52 శాతం ఎలాగూ కట్టబోయే ప్రాజెక్టులకే దక్కాయి. అంటే ఆ మేరకు ఇక్కడ అదనంగా ఏ పొగా తగ్గలేదు, అక్కడ మాత్రం పొగ వదిలారు. ప్రతి ప్రాజెక్టుకూ బయటి ధ్రువీకర్త సంతకం ఉంది. ఆ ధ్రువీకర్తను పిలిచిందీ, ఫీజు ఇచ్చిందీ ప్రాజెక్టు యజమానే.

డబ్బు ఎవరిస్తారన్నదే కాదు, ఎప్పుడిస్తారన్నదీ లెక్కే. పంజాబ్‌లో వరి కొయ్యలు కాల్చకుండా ఉంటే రైతుకు డబ్బిస్తామన్న ప్రయోగంలో కెల్సీ జాక్, సీమా జయచంద్రన్, నమ్రతా కాలా, రోహిణి పాండే చూసింది ఇది. పని అయ్యాక మొత్తం ఇస్తామంటే రైతులు కదల్లేదు. కొంత సొమ్ము ముందే, షరతు లేకుండా చేతిలో పెట్టి మిగతాది తర్వాత అంటే కాల్చకుండా ఆగినవాళ్లు పెరిగారు. సర్కారు డబ్బు వస్తుందో రాదో అన్న రైతు అనుమానం మన ఊళ్లలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

ఆగస్టు నియమం, అక్టోబరు నియమం

2025 ఆగస్టు 29న కేంద్ర పర్యావరణ శాఖ దేశమంతటికీ పర్యావరణ ఆడిట్ నియమాలు ప్రకటించింది. ఫ్యాక్టరీలను తనిఖీ చేయడానికి రిజిస్టర్ చేసుకున్న ప్రైవేటు ఆడిటర్లు వస్తారు. వాళ్లను ఫ్యాక్టరీ ఎంచుకోవడానికి లేదు, లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు. సూరత్, అహ్మదాబాద్ పొగగొట్టాల మీద పుట్టిన ఆ మాట పదిహేనేళ్లు ప్రయాణించి గెజిట్‌లోకి ఎక్కింది. రేపు పటాన్‌చెరుకైనా, పరవాడకైనా వెళ్లే ఆడిటర్‌కు ఇదే వర్తిస్తుంది. ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం దాచుకోవలసిన అవసరం లేదు. మళ్లీ కొలిచే బృందం కూడా తోడైతేనే లాటరీ నిలబడుతుందన్న సంగతి అధికారులు మరచిపోకూడదు. గుజరాత్ ప్రయోగంలో ఆ రెండూ జంటగానే ఉన్నాయి.

సుమారు ఆరు వారాలకు, అక్టోబరులో, అదే శాఖ ఇంకో నియమం తెచ్చింది. దేశపు కర్బన సంతకు సంబంధించింది. సిమెంటు, కాగితం, క్లోర్-ఆల్కలీ, అల్యూమినియం రంగాల్లో 282 ఫ్యాక్టరీలకు టన్ను ఉత్పత్తికి ఇంత ఉద్గారం మించకూడదని లక్ష్యాలు పెట్టారు. మించితే క్రెడిట్లు కొనాలి, కొనకపోతే సంత ధరకు రెట్టింపు కట్టాలి. సూరత్ సంతలో పెట్టిన రెట్టింపు లాంటిదే ఇది. ఆ 282లో 186 సిమెంటు ఫ్యాక్టరీలు. సిమెంటు అంటే తాండూరు, మేళ్లచెర్వు, జగ్గయ్యపేట, యర్రగుంట్ల, తాడిపత్రి. సున్నపురాయి ఉన్న ప్రతి చోటా మనకు ఫ్యాక్టరీ ఉంది.

ఈ సంతలో నిచ్చెన ఎక్కే పని లేదు. ధ్రువీకర్త వచ్చి వేబ్రిడ్జి చీటీలు చూస్తాడు, ఎన్ని టన్నుల బొగ్గు లోపలికి వచ్చిందో, బట్టీలోంచి ఎంత క్లింకర్ దిగిందో, కరెంటు మీటరు ఎంత తిరిగిందో సరిచూస్తాడు. బొగ్గు నాణ్యత ల్యాబు రిపోర్టు అడుగుతాడు. ఆ రిపోర్టులో ఒక అంకె కాస్త అటూ ఇటూ అయితే వేల క్రెడిట్లు పుడతాయి, మాయమవుతాయి. అందుకే అతనికి ప్రభుత్వ గుర్తింపు తప్పనిసరి చేశారు.

గుర్తింపు పొందినవాళ్లలో ఎవరిని పిలవాలో ఎంచుకునేది మాత్రం ఫ్యాక్టరీ. అతని ఫీజు బిల్లు కూడా ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగానికే వెళుతుంది.